కడప నుంచి వెనుదిరిగితే: గళ్ల నుడికట్టుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఆదివారం సంచికల్లో వచ్చే మామూలు పదకేళిని చాలాకాలంగా పూరిస్తున్నాను. ఈమధ్య క్రిప్టిక్ పద్ధతిలో, అంటే ఆధారంలోనే మెలిక పెట్టి కూర్చిన గళ్ల నుడికట్టుకు దిగితే, మరుసటి వారం జవాబులు చూసిన తర్వాత కూడా అవి ఎలా వచ్చాయో బోధపడడం లేదు. నా పదసంపద చాలదా? ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: మీ పదసంపదకు లోటు లేదు. ఇంతకాలం పదకేళి పూరించినవారికి కావలసినది కొత్త మాటలు కాదు, ఆధారాన్ని చదివే తీరు మార్చుకోవడం. మామూలు పదకేళిలో ఆధారం అర్థం మాత్రమే చెబుతుంది. 'శయ్య' అని ఇచ్చి మూడు గళ్లు చూపిస్తే 'పడక' అని రాస్తాం. అదే జవాబుకు క్రిప్టిక్ కూర్పరి, అంటే ఆధారాలు రాసేవారు, 'కడప నుంచి వెనుదిరిగితే నిద్రించే చోటు (3)' అని రాయవచ్చు. కుండలీకరణంలోని అంకె గళ్ల సంఖ్య. అది చదవగానే మన ఆలోచన ప్రయాణం మీదికి, సత్రం మీదికి, ఇంటి మీదికి పోతుంది. కూర్పరి కోరుకున్నదీ అదే. నిజానికి ఆ వాక్యంలో కడప ఊరు కాదు. క, డ, ప అన్న మూడక్షరాలు. వాటిని వెనుక నుంచి చదివితే 'పడక' వస్తుంది. చివరనున్న 'నిద్రించే చోటు' ఒక్కటే అర్థం చెప్పే భాగం.

సక్రమమైన ఆధారాల్లో చాలావాటిలో ఈ రెండు భాగాలుంటాయి. ఒకటి అర్థం చెబుతుంది, రెండోది అక్షరాలను ఎలా పేర్చాలో చెబుతుంది, రెండూ ఒకే మాట దగ్గర కలుస్తాయి. అందువల్లనే మామూలు పదకేళిలో 'శయ్య'కు పడకా, పానుపా అని అడ్డం నిలువు అక్షరాలు పడేదాకా సందేహిస్తూ కూర్చోవలసి వస్తే, ఇక్కడ జవాబు దొరికిన క్షణంలోనే అది సరైనదని తెలిసిపోతుంది. క్రిప్టిక్‌ను కష్టమైనదిగా కాక నిజాయితీ గలదిగా నేను భావించడానికి కారణం ఇదే.

కాబట్టి మొదటి పని అర్థం చెప్పే భాగాన్ని విడదీయడం. అది సాధారణంగా ఆధారానికి మొదట్లోనో చివరనో ఉంటుంది. తెలుగులో చివర ఉండడమే ఎక్కువ, ఎందుకంటే 'దాగిన', 'తిరిగిన', 'చెదిరిన' వంటి మాటలు నామవాచకానికి ముందు చేరి, నామవాచకాన్ని వాక్యం చివరికి నెడతాయి. 'తడబడిన సుమన హృదయం (3)' అన్నప్పుడు హృదయం అర్థం. 'తడబడిన' అన్నది సుమన అన్న పేరులోని అక్షరాలను తారుమారు చేయమని సూచన. సు, మ, న మారి 'మనసు' అవుతుంది. 'పావు రంగులో దాగిన పక్షి (3)' అన్నప్పుడు చదరంగాన్ని మరచిపోయి అక్షరాలను వరుసగా చూడండి, 'పావు రంగు'లోనే పావురం కనిపిస్తుంది. 'కలకు దేవుడిచ్చినది తోడైతే ఆందోళన (4)' అంటే కల, వరం కలిసి 'కలవరం'. 'సారం నడుమ గాంధారం చేరిన సముద్రం (3)' అంటే సంగీతంలో గాంధారానికి గుర్తు 'గ' గనుక, అది సారం మధ్యలో చేరి 'సాగరం'. 'మొదలు విరిగిన విమానంలో మిగిలిన పరువు (2)' అంటే 'మానం'. అక్షరాల పేర్పు లేకుండా రెండు అర్థాలు మాత్రమే పక్కపక్కన ఉంచే శ్లేష ఆధారాలూ ఉంటాయి: 'వరి పెరిగేది ఆచారవంతులు కట్టుకునేది (2)' అంటే 'మడి'.

మీవంటి అనుభవజ్ఞులు కూడా చిక్కుకునేది విభక్తుల దగ్గర. పై ఆధారంలో 'కడప నుంచి' అని ఉంది. 'నుంచి' అక్షరాల ఆటలో చేరదు. 'కలపను తిరగేస్తే బడిపిల్లలు రాసుకునేది (3)' అన్నప్పుడు 'ను' ను లెక్కపెడితే నాలుగక్షరాలై దారి మూసుకుపోతుంది, వదిలేస్తే 'పలక' వస్తుంది. తెలుగు వాక్యం చాలాసార్లు విభక్తి లేకుండా నిలవదు గనుక కూర్పరికి ఆ వెసులుబాటు ఇవ్వక తప్పదు. కుండలీకరణంలోని అంకెతో పోల్చి చూసుకుంటే ఏది ఉంచాలో ఏది విడవాలో తేలిపోతుంది.

రెండో చిక్కు గడి. ఇంగ్లిషులో ఒక గడిలో ఒక అక్షరం, అంతే. మన గడిలో గుణింతం, ఒత్తు, సున్న అన్నీ అక్షరంతోనే ఉంటాయి. కర్నూలు మూడు గళ్లు: క, ర్నూ, లు. అందువల్ల దసరాను ఎంత చెదరగొట్టినా సరదా రాదు. ద, స, రా వేరు. స, ర, దా వేరు. అలా దీర్ఘాన్ని ఒక అక్షరం నుంచి ఊడదీసి మరొకదానికి తగిలించే ఆధారం ఎక్కడైనా కనిపిస్తే తప్పు కూర్పరిది, మీది కాదు.

ఇక్కడ మరొక మాట చెప్పాలి. తెలుగు పత్రికల్లో కొన్నిచోట్ల 'చెదిరిన సముద్రం' అని ఆధారమిచ్చి, సాగరాన్ని గళ్లలో 'గరంసా' అని రాయమనే ఆచారం ఉంది. గళ్లలో మాట ఇమడనప్పుడు కూర్పరి వెతుక్కున్న సులువు అది. నేర్చుకునేవారికి అది అన్యాయమని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే గళ్లలో పడేది భాషలో ఉన్న మాట కానప్పుడు సరిచూసుకునే ఆధారమే పోతుంది. అటువంటివి ఎదురైతే అడ్డం నిలువు అక్షరాలు వచ్చేదాకా వాటిని పక్కన పెట్టండి.

సాధన గురించి. జవాబులు చూడడం ఓటమి అనుకోవద్దు. జవాబులు అచ్చయిన వారం పాత సంచిక పక్కన పెట్టుకుని, ప్రతి జవాబు నుంచి ఆధారానికి వెనక్కి నడవండి. అర్థం ఏ మాటల్లో ఉంది, సూచన ఏది, అక్షరాలు ఎక్కడివి అని పెన్సిలుతో గీతలు గీయండి. కొన్ని వారాలకు 'చెదిరిన', 'కల్లోలమైన', 'తారుమారైన' అనగానే అక్షరాలు కలపాలని, 'తలకిందులైన', 'పైకెగసిన' అన్నవి నిలువు మాటలకే వర్తిస్తాయని చేతికి అలవాటవుతుంది. పూర్తి గడులు నింపే తొందర అప్పుడే వద్దు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. హిందూ పత్రికలో రోజూ వచ్చే క్రిప్టిక్ క్రాస్‌వర్డ్ నేర్చుకోవాలని ఉంది. ముందు తెలుగులో నేర్చుకోవాలా, నేరుగా ఇంగ్లిషుకే వెళ్లాలా? ఈ ఆటకు నియమాలు ఎవరు పెట్టారు?
ఒక విద్యార్థిని, కడప

జవాబు: తెలుగుతో మొదలుపెట్టండి. మీకు పుట్టుకతో వచ్చిన భాషలో మాట అర్థాన్ని వదిలి అక్షరాలను చూడడం అలవాటైతే, ఇంగ్లిషులో ఆ చూపు కొత్తగా నేర్వనక్కరలేదు. అక్కడ అదనంగా నేర్వవలసినది సంక్షిప్తాక్షరాల జాబితా. మనం స్వరాలను, గురువు లఘువులకు వాడే గ, ల అక్షరాలను వాడుకున్నట్టే వారు దిక్కులను, రోమన్ అంకెలను, క్రికెట్ మాటలను ఒకటి రెండు అక్షరాలుగా వాడతారు.

చరిత్ర క్లుప్తంగా ఇది. గళ్ల పదకేళిని ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ప్రచురించాడు. అందులో మెలికలు లేవు. మెలికలు బ్రిటన్‌లో చేరాయి. టార్కెమాడా అన్న కలంపేరుతో ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్ 1926 నుంచి అబ్జర్వర్ పత్రికకు కూర్చాడు. లండన్ టైమ్స్ 1930 ఫిబ్రవరి 1న తన క్రాస్‌వర్డ్ ప్రారంభించింది. ఆటకు న్యాయం ఏమిటో తేల్చినవాడు మాత్రం జిమెనీస్ అన్న కలంపేరు గల డి.ఎస్. మెక్‌నట్. ఆయన 1966లో అచ్చువేసిన పుస్తకంలో పట్టుబట్టిన నియమాల సారం ఏమంటే, ఆధారంలో కచ్చితమైన అర్థం ఉండాలి, అక్షరాలకు న్యాయమైన దారి ఉండాలి, అనవసరమైనది ఉండకూడదు. విభక్తులను మినహాయిస్తే తెలుగు కూర్పరులకూ ఇంతకన్నా మంచి కొలమానం లేదు.

నిఘంటువు అవసరమైతే మీ ఊళ్లోనే ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు ఇంగ్లిషు నిఘంటువును చూడండి. వాడుక మాటలకూ అందులో చోటుంది గనుక శ్లేష ఆధారాలకు అది బాగా ఉపకరిస్తుంది.

ప్రశ్న: నేనూ మా కోడలూ కలిసి పూరిస్తాం. ఒకరినొకరు అడగడం, నిఘంటువు చూడడం, ఫోన్‌లో వెతకడం తప్పవుతాయా?
ఒక గృహిణి, కర్నూలు

జవాబు: ఒకరినొకరు అడగడం తప్పు కాకపోగా ఎంతో మేలు, ఎందుకంటే ఒకరు కథలో చిక్కుకున్నప్పుడు మరొకరికి అక్షరాలు కనిపిస్తాయి. నిఘంటువు జవాబును నిర్ధారించుకోవడానికి. ఫోన్ వద్దనే చెబుతాను, అది జవాబు ఇస్తుంది గాని దారి చూపదు.

ఒక పని చేయండి. గడపను తిరగేస్తే పడగ వస్తుంది. ఆ పడగకు మీరొక ఆధారం, మీ కోడలొక ఆధారం వేర్వేరుగా రాసి మార్చుకోండి. జవాబుకు పనికిరాని మాట అందులో ఒక్కటి ఉన్నా కొట్టివేసి మళ్లీ రాయండి. బాగా కుదిరినదాన్ని మాకు పంపితే ఈ శీర్షికలో ప్రచురిస్తాం.