హిట్లర్ కాలపు ఫైటర్ పైలట్ నాటో దాకా ఎలా వెళ్ళాడు?

"రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడిన ఒక ఫైటర్ పైలట్ తర్వాత నాటోలోనే పెద్ద పదవిలో కూర్చున్నాడట, నిజమేనా?" అని అడిగారు. నిజమే. ఆయన పేరు యోహానెస్ స్టైన్‌హాఫ్.

నాకు ఈ పేరు పరిచయమైంది బెర్లిన్‌కి వచ్చాకే. ఒక ఆదివారం ఏమీ తోచక, స్పాండౌలో బస్సు ఎక్కి గాటో విమాన మ్యూజియానికి వెళ్ళాను. దాని పక్కనే ఉన్న సైనిక శిబిరానికి జనరల్ స్టైన్‌హాఫ్ పేరు పెట్టారు. ఎవరబ్బా ఈయన అని అక్కడే ఫోన్ తీసి చదవడం మొదలుపెడితే, బస్సు దిగి ఇల్లు చేరేదాకా ఆపలేదు.

ఆయన గురించి ఎక్కడ చూసినా ముందు కనిపించేది 176 విమానాలు కూల్చాడన్న అంకె. నాకైతే ఆ లెక్క మీద పెద్ద ఆసక్తి లేదు. జర్మన్ పైలట్లకు కొంతకాలం యుద్ధంలో ఎగిరాక సెలవిచ్చి ఇంటికి పంపే పద్ధతి లేదు. చచ్చేదాకానో, మంచాన పడేదాకానో ఎగరాల్సిందే. ఆయన సుమారు వెయ్యి సార్లు యుద్ధానికి ఎగిరాడు. అన్నిసార్లు ఎగిరి బతికినవాడి లెక్క పెద్దదిగా ఉండడంలో వింతేముంది?

1913లో పుట్టాడు. యేనాలో భాషలు చదువుకుని, ముందు నౌకాదళంలో చేరి, అక్కణ్ణుంచి వైమానిక దళానికి మారాడు. 1939 డిసెంబర్ 18న ఉత్తర సముద్రంలోని జర్మన్ దీవి హెలిగోలాండ్ దగ్గర 22 బ్రిటిష్ వెల్లింగ్టన్ బాంబర్లు వస్తే 12 కూలిపోయాయి. ఆ పోరులో ఈయనా ఉన్నాడు. తర్వాత రష్యా. 1943 మార్చిలో ట్యునీషియాలో కమాండర్ మ్యూన్‌షెబెర్గ్ చనిపోతే, ఆయన నడిపిన 77వ ఫైటర్ దళం పగ్గాలు ఈయనకి ఇచ్చారు. అప్పటికే అక్కడ జర్మన్ల పని అయిపోయింది. సిసిలీకి వచ్చాక పైనుంచి వైమానిక దళాధిపతి గోరింగ్ ఆర్డర్ ఒకటి దిగింది: పైలట్లు పిరికివాళ్ళు, ఒక్కో దళం నుంచి ఒకణ్ణి కోర్టు మార్షల్‌కి పంపండి అని. తమ కుర్రాళ్ళను అప్పగించడానికి కమాండర్లు ఒప్పుకోలేదు.

1945 జనవరిలో మరో ఫైటర్ కమాండర్ గ్యుంటర్ లూట్సోవ్ ముందుండి గోరింగ్ మొహం మీదే ఫిర్యాదులు చదివాడు. ఆ బృందంలో స్టైన్‌హాఫ్ కూడా ఉన్నాడు. దీన్ని 'ఫైటర్ పైలట్ల తిరుగుబాటు' అంటారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. దీన్ని హిట్లర్ మీద తిరుగుబాటులా రాసేవాళ్ళున్నారు, అది తప్పు. వాళ్ళ గొడవ గోరింగ్ తమను నడిపిస్తున్న తీరు మీదే, ఆ ప్రభుత్వం చేసిన ఘోరాల మీద కాదు. ఏదైతేనేం, అందరికీ పదవులు ఊడాయి. చివరికి స్టైన్‌హాఫ్, ఫైటర్ దళాల మాజీ అధిపతి గాలాండ్ పోగుచేసిన జేవీ-44 అనే చిన్న జెట్ దళంలో చేరాడు.

ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు సిమ్యులేటర్ గేమ్‌లో ఆ దళం వాడిన మెస్సర్‌ష్మిట్-262 జెట్ తెగ నడిపేవాణ్ణి. థ్రాటిల్ కొంచెం గబుక్కున తోస్తే ఇంజిన్ ఆరిపోయేది, లేకపోతే మంటలు. రన్‌వే అయిపోతున్నా స్పీడు అందుకోదు. ఎన్నిసార్లు చివర్న ఉన్న చెట్లలోకి దూసుకుపోయానో! నేను రీస్టార్ట్ నొక్కేవాణ్ణి. 1945 ఏప్రిల్ 18న మ్యూనిక్‌లోని రీమ్‌లో స్టైన్‌హాఫ్ నడిపిన అదే రకం జెట్ బాంబు గుంతల వల్ల పాడైన నేల మీద దెబ్బతిని, గాల్లోకి లేవలేక కూలింది. నిండా ఇంధనం, రెక్కల కింద రాకెట్లు. ప్రాణం దక్కింది గానీ ముఖమంతా కాలిపోయింది, కనురెప్పలు పోయాయి. కళ్ళు మూసుకుని నిద్రపోలేని మనిషి! చాలా ఏళ్ళ తర్వాత ఒక బ్రిటిష్ సర్జన్, స్టైన్‌హాఫ్ చేతి చర్మమే తీసి రెప్పలు కట్టాడు.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కణ్ణుంచే. పశ్చిమ జర్మనీ 1955లో నాటోలో చేరి మళ్ళీ సైన్యం పెట్టుకున్నప్పుడు అనుభవమున్న వాళ్ళు కావాల్సి వచ్చారు, ఆ అనుభవం పాతవాళ్ళ దగ్గరే ఉంది. 1966లో స్టైన్‌హాఫ్ వైమానిక దళాధిపతి అయ్యేనాటికి స్టార్‌ఫైటర్ అనే అమెరికన్ డిజైన్ జెట్‌లు వరసపెట్టి కూలుతున్నాయి. మన దగ్గర మిగ్-21ని ఎగిరే శవపేటిక అన్నట్టే, అక్కడ దీన్ని తాళి తెంచేదని పిలిచేవాళ్ళు. జర్మనీ కొన్నవి 916, మొత్తం మీద పోయినవి 292, చనిపోయిన పైలట్లు 116 మంది. గాటోలో ఆ విమానం పక్కన నిలబడి చూస్తే రెక్క ఒక్కోటి రెండున్నర మీటర్లు కూడా లేదు, అంచు కత్తిలా ఉంది. దాన్ని చూసి నాకే టెన్షన్ వచ్చింది. పైగా పైలట్లు నేర్చుకునేది అరిజోనా ఎండలో, నడపాల్సింది జర్మనీ మబ్బుల్లో, నేలకి దగ్గరగా, బాంబులు మోస్తూ. స్టైన్‌హాఫ్ శిక్షణ, నిర్వహణ సరిచేయించాడు, ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే ఎజెక్షన్ సీటు మార్పించాడు. ప్రమాదాలు పూర్తిగా ఆగలేదు గానీ తగ్గాయి. నా లెక్కలో ఆయన చేసిన గొప్ప పని ఇదే, ఆ 176 కాదు. నాటోలో అత్యున్నత సైనిక పదవి అయిన సైనిక కమిటీ అధ్యక్ష పదవి ఆ తర్వాత వచ్చింది, 1971 నుంచి 1974 దాకా.

బెర్లిన్ వస్తే గాటో వెళ్ళండి. టికెట్ లేదు, సోమవారం మాత్రం మూసేస్తారు. విమానాలు చాలావరకు ఆరుబయటే, రన్‌వే మీద ఈదురుగాలి, జాకెట్ మర్చిపోకండి.