మార్కులు బాగుంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌కి అర్హత ఉండదా?

డాలస్ దగ్గర ఉండే ఒకావిడ అడిగారు: అబ్బాయి తొమ్మిదో తరగతి, చదవడం చాలా నెమ్మది, అయినా బీ గ్రేడ్లు వస్తున్నాయి కాబట్టి స్పెషల్ ఎడ్యుకేషన్ రాదని స్కూల్లో చెప్పారట, నిజమేనా అని.

కాదండీ. పిల్లలు ఫెయిల్ కాకుండా పై తరగతికి వెళ్తున్నా సరే, అవసరం ఉంటే సేవలు ఇవ్వాల్సిందేనని ఐడియా చట్టం (వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం అమెరికాలో ఉన్న ఫెడరల్ చట్టం) నిబంధనల్లోనే ఉంది. మేమూ టెక్సస్‌లోనే ఉంటాం. మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా మాకూ ఇదే మాట చెప్పారు.

స్కూలువాళ్లు పరీక్షలన్నీ చేశాక, స్పెషల్ ఎడ్యుకేషన్‌కి అర్హత ఉందో లేదో తల్లిదండ్రులతో కలిసి తేల్చే ఏఆర్‌డీ మీటింగ్ పెట్టారు. చదివే వేగం బాగా తక్కువని రిపోర్టులో స్పష్టంగా ఉంది. అయినా టేబుల్ అవతల ఒకావిడ గ్రేడ్ల కాగితం మా వైపు జరిపి, "ఇంత బాగా చదువుతోంది కదా, 504 కింద కాస్త ఎక్కువ టైమ్ ఇస్తే సరిపోతుంది" అన్నారు. 504 అంటే వైకల్యం ఉన్నవాళ్ల మీద వివక్ష వద్దనే చట్టం కింద మామూలు క్లాసులోనే ఇచ్చే వెసులుబాట్లు. మా ఆయన తల ఊపబోతున్నారు. అంతలో మా అమ్మాయి, "హిస్టరీ పాఠం నేను చదవను, అమ్మ చదివి వినిపిస్తుంది. ఒక్కోసారి రాత్రి పన్నెండు దాటుతుంది" అంది. పరీక్షలు చేసిన డయాగ్నస్టీషియన్ వెంటనే పెన్ను తీసుకుని, ఏయే సబ్జెక్టులు, ఎంతసేపు, ఎప్పటినుంచి అని నన్ను అడుగుతూ అంతా రాసుకున్నారు. ఆ రోజే స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ (చదవడం, రాయడం లాంటివి నేర్చుకోవడంలో ఇబ్బంది) కింద అర్హత వచ్చింది. 504తో ఎక్కువ టైమ్ వచ్చేదేమో గానీ, డిస్లెక్సియా (అక్షరాలు, మాటలు చదవడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలకి చదవడం నేర్పే టీచర్ మాకు ఐఈపీ, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఒక్కో పిల్లకి విడిగా రాసే ప్లాన్, వల్లే దొరికింది.

టెక్సస్‌లో ఈ వెనకడుగు కొత్తది కాదు. 2004 నుంచి స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు రాష్ట్రం స్కూలు జిల్లాల (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థల) మీద ఒత్తిడి పెట్టింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ బయటపెట్టింది, 2018లో అది చట్టవిరుద్ధమని కేంద్ర విద్యాశాఖ తేల్చింది. లెక్క తీసేశారు గానీ ఆ అలవాటు పోలేదని నా గట్టి నమ్మకం.

మనవాళ్ల మీదా నాకు కోపమే. "రికార్డులో పడితే మంచి కాలేజీ రాదు" అని భయపెడతారు. అడ్మిషన్‌కి ముందు వైకల్యం గురించి అడగడానికే కాలేజీలకి చట్టం ఒప్పుకోదు. ఆ భయంతో ఎంతమంది తల్లులు రాత్రిళ్లు పాఠాలు చదివి వినిపిస్తూ, పొద్దున స్కూల్లో మాత్రం అంతా బాగుందంటున్నారో! ఆ బీలో సగం మీ కష్టమే. అది మీరు చెప్పకపోతే స్కూలుకి ఎలా తెలుస్తుంది?

స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం మీ అబ్బాయికి పరీక్షలు చేయమని ఈ రాత్రే స్కూలు జిల్లా స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కి మెయిల్ రాయండి. టీచర్‌తో నోటిమాటగా అంటే గడువు మొదలవదు. రాసి అడిగితే 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి, కాదంటే కారణం కాగితం మీద పెట్టాలి. పరీక్షలకి ఒప్పుకుంటూ మీరు సంతకం చేశాక మామూలుగా 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. అది తప్పనిపిస్తే జిల్లా ఖర్చుతో బయటివాళ్ల చేత పరీక్ష చేయించమని అడగొచ్చు. ఇంట్లో ఎవరు చదివి వినిపిస్తున్నారో, ఎన్నింటిదాకా కూర్చుంటున్నారో ఆ మెయిల్లోనే రాయండి. ఇంగ్లీష్ ఇబ్బందైతే మీటింగ్‌కి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పండి, ఆ ఖర్చు స్కూలుదే.