రాజీనామా కాయితం ఇంకా ఇయ్యకు బిడ్డా

బిడ్డా, ప్రభువు నామంలో పెద్దమ్మ వందనాలు.

నీ వాట్సాప్ మెసేజ్ నిదానంగా చదివిన. ఉపవాస ప్రార్థనలో ఆ అన్న నీ తల మీద చెయ్యి పెట్టి, "ఈ నెలాఖరుకు నర్సు ఉద్యోగం విడిచి దేవుని సేవకు రావాలని ప్రభువు చూపించిండు" అన్నడని రాసినవు. అది దేవుని స్వరమేనా, ఎట్ల గుర్తుపట్టాలె అని అడిగినవు. ముందుగాల ఒక మాట: రాజీనామా కాయితం ఇంకా ఇయ్యకు. పిలుపు నిజమైతే వచ్చే నెల కూడ ఉంటది.

గుర్తుపట్టరాకపోవుడు అవిశ్వాసం కాదు. సమూయేలు మందిరంలోనే పెరిగిన పిల్లగాడు, దేవుని మందసం (పది ఆజ్ఞల పెట్టె) ఉన్న కాడనే పండుకునేటోడు. అయినా దేవుడు పిలిస్తే మూడుసార్లు యాజకుడు ఏలీ దగ్గరికే ఉరికిండు. కండ్లు కనపడని ఏలీకే ముందు సమజైంది. ఆ ముసలాయన చేసిన దాంట్లో నాకు నచ్చేది ఒకటుంది. నీ దాసుడు ఆలకిస్తున్నడని ఎట్ల జవాబియ్యాల్నో నేర్పిండు గాని, దేవుడు ఏం చెప్తడో తాను చెప్పలేదు. తెల్లారి ఆ మాట ఏందో దాచకుండ చెప్పుమన్నడు, అది తన ఇంటి మీది శిక్షే అయినా. పెద్దోళ్ల పని అంతవరకే. పిలిచేది దేవుడే అని చెప్పి, ఎందుకు పిలిచిండో కూడ తామే చెప్పి, తారీఖు కూడ పెట్టేటోళ్ల కాడ జర ఆగాలె.

"నా గొర్రెలు నా స్వరము వినును" అన్నడు ప్రభువు. మన దిక్కు గొల్లకుర్మోళ్ల మందలు చూసినదానివే. 2017లో సర్కారు గొర్రెల స్కీము పెట్టి యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది చూడు, అవి వేరే రాష్ట్రాలకెల్లి వచ్చినయి. కాపరి కూతేస్తే పాత మంద తలలెత్తి కదిలేది, కొత్తవి మాత్రం అటీటు చూసుకుంట నిలబడేటివి. ఎండల, వానల ఆయన వెంట తిరిగి, ఆయన తోలిన కాడ మేసి, నీళ్లు తాగినంక అవి కూడ ఆ గొంతుకు అలవాటు పడ్డయి.

అందుకే బైబిలును పుస్తకం వెంట పుస్తకం చదువు. కండ్లు మూసుకొని తెరిచి వేలు పెట్టుడు మానెయ్యి. డిసెంబర్ 31 రాత్రి చర్చిల పళ్లెంలకెల్లి తీసిన వాగ్దానం (బైబిలు వాక్యం) కార్డు ఫ్రిజ్‌కు అంటించుకో, నేనూ అంటించుకుంట. దాన్ని చూసి ఉద్యోగం మాత్రం విడవకు, పెండ్లి ఖాయం చేసుకోకు. ప్రభువును శోధించినప్పుడు 91వ కీర్తన సాతాను నోట్లో కూడ ఉండె. ప్రభువు దానికి ద్వితీయోపదేశకాండంలోని మాటతోనే జవాబిచ్చిండు.

ఇగ అసలు సంగతి. మొదటి రాజులు 13వ అధ్యాయం ఈ రాత్రే చదువు. మన ప్రసంగాలలో అది తక్కువ వినపడుతది, ఎందుకో నాకు తెల్సు గాని వదిలెయ్. యూదాకెల్లి వచ్చిన దైవజనుడు బేతేలులో రాజైన యరొబాము ముందట నిలబడి బలిపీఠం మీద ప్రవచించిండు. అక్కడ తినొద్దు, తాగొద్దు, పోయిన తొవ్వల తిరిగి రావద్దు అని దేవుడు ముందే చెప్పి పంపిండు. రాజు ఇంటికి రా, బహుమానం ఇస్త అంటే, నీ ఇంట్ల సగం ఇచ్చినా రాను అన్నడు. అంత గట్టి మనిషి. కాని ఒక ముసలి ప్రవక్త గాడిదెక్కి వెంటపడి వచ్చి, "నేనూ నీ అసుంటి ప్రవక్తనే, దేవదూత నాతోని చెప్పిండు" అనంగనే, ఎనుకకు తిరిగి పోయి ఆయనింట్ల తిన్నడు. ఆ ముసలాయన అబద్ధమాడిండని అక్కడనే రాసి ఉంది. తిరిగి పోయేటప్పుడు తొవ్వల సింహం చంపింది. రాజుకు లొంగనోడు సాటి సేవకునికి లొంగిండు. దేవుడు తనకే సూటిగ చెప్పిన మాట ఒకటి ఉండంగ, ఇంకొకరు మోసుకొచ్చిన మాట పట్టుకున్నడు.

అట్లని ప్రవచనాలన్నీ అబద్ధమని అంటలేను. నిర్లక్ష్యం చేయొద్దు, పరీక్షించాలె అని పౌలు థెస్సలొనీక సంఘానికి రెండూ కలిపే రాసిండు. అంతియొకయలో బర్నబాను, సౌలును ప్రత్యేకపరచుమన్నప్పుడు పరిశుద్ధాత్మ "నేను పిలిచిన పని" అన్నడు. అంటే వాళ్లకు ఆ పిలుపు ముందే ఉంది, సంఘం తర్వాత విన్నది. నిన్ను నువ్వు అడుగు: ఆ అన్న చెప్పకముందు సేవ సంగతి నీ ప్రార్థనలో ఎన్నడన్న వచ్చిందా?

నెలాఖరు గడువు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ప్రవక్త యిర్మీయా అంతటోనికే, జనం వచ్చి జవాబు అడిగితే, 10 దినాలు అయినంక గాని వాక్కు రాలేదు. పొలం కొనే కాడ కూడ, పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి కొనుమంటడని దేవుడు ముందే చెప్పినా, అతను నిజంగనే వచ్చి అడిగినంకనే "అది యెహోవా వాక్కు" అని తెలుసుకున్నడు. మన డోర్నకల్ సంగతే చూడు. అజరయ్య గారు, ఆయన తోటోళ్లు తిరునల్వేలిలో మిషనరీ సంఘం పెట్టింది 1903లో. ఆయన తానే డోర్నకల్‌కు సేవకు వచ్చింది 1909లో. బిషప్ అయింది 1912లో. అన్నేండ్లల్ల ఆ పిలుపు ఎటూ పోలేదు.

"నాకు మనసుకు సమాధానంగ ఉంది" అని కూడ రాసినవు. మంచిదే, కాని యోనా దేవునికి దూరంగ పారిపోతూ ఓడ అడుగున గాఢంగ నిద్రపోయిండు. ఆయనకంటే సమాధానం ఎవరికుంటది!

ఇంకొకటి, నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున ఏ నిర్ణయం తీసుకోకు. ప్రవక్త ఏలీయా చచ్చిపోత అన్నప్పుడు దేవుడు ముందుగాల ఉపదేశం చెయ్యలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు పంపిండు, రెండుసార్లు. దేవుని నిమ్మళమైన స్వరం హోరేబు కొండకు పోయినంక వినపడ్డది. కడుపు నిండ తిను, పండుకో, తర్వాత మోకాళ్లూను.

ఆదివారం ఆరాధన అయినంక మీ పాస్టరమ్మ గారితో కూసోని మాట్లాడు. నీ ఉద్యోగంతోని లాభం గాని నష్టం గాని లేని ఇంకో పెద్ద విశ్వాసికి కూడ చెప్పు. ఆ అన్నకు మర్యాదగ, "అన్నా, ప్రార్థనలో పెట్టుకున్న, పెద్దలకు కూడ చెప్పిన" అను. ఆయన సంతోషపడుతడా, కోపానికొస్తడా చూసి నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ,
కాజీపేట