"నా జీవితంలో చెప్పుకోదగ్గవేమీ జరగలేదు, స్వానుభవం మీద వ్యాసం ఎలా రాయాలి?"

గొప్ప సంఘటనలేవీ లేవు, అయినా స్వానుభవం మీద ఐదు వందల మాటలు రాయాలి, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగారు. గొప్పవి జరిగినవాళ్లే ఇంకా ఘోరంగా రాస్తారండీ. నేను చాలా ఏళ్లు ఒక పత్రిక జిల్లా ఎడిషన్ డెస్కులో పనిచేశాను, పాఠకులు పంపే అనుభవాలు దిద్దడం కూడా నా నెత్తినే ఉండేది, కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మీకు జరిగినదాంట్లోంచి మర్నాడు పేపర్లో వచ్చే ముక్కలన్నీ తీసేయండి. మిగిలిందే మీరు రాయాల్సింది. ఏమీ మిగల్లేదంటే మీరింకా సరిగ్గా గుర్తు చేసుకోలేదన్నమాట.

మా చెల్లెలి కూతురి సంగతి చెబుతాను. వాళ్లది భద్రాచలం. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు వాళ్ల వీధిలోకీ నీళ్లొచ్చాయి. తర్వాత డిగ్రీలో "మరచిపోలేని సంఘటన" రాయమంటే పిల్ల వరద గురించి రాసి, దిద్దమని నాకు వాట్సాప్‌లో పంపింది. చదువుతుంటే మా పాత పేజీలు చదువుతున్నట్టే ఉంది. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగుల దగ్గర, రెండోది 48, మూడోది 53, వంతెన మీద రాకపోకలు బంద్, పునరావాస కేంద్రాలు, 1986 నాటి 75.6 అడుగుల రికార్డు, అన్నీ కరెక్టే. గోదారి ఉగ్రరూపం దాల్చింది, కాలనీలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి, జనం బిక్కుబిక్కుమంటూ గడిపారు. ఇవన్నీ పేజీ వదిలే టెన్షన్‌లో మేం వాడిపడేసే మాటలు. మాకంటే గత్యంతరం లేదు, ఇంట్లో తీరిగ్గా కూర్చుని రాసుకునే పిల్లకి ఆ ఖర్మేంటి? అంత రాసిందా, ఎక్కడ వెతికినా ఆ అమ్మాయి మాత్రం అందులో లేదు.

ఫోన్ చేసి అడిగాను, "ఇవన్నీ సరే, ఆ రాత్రి మీరేం చేశారే?"

"ఏముంది పెద్దమ్మా, సామాన్లు తీసుకుని పైకెళ్లాం."

"పైకంటే?"

"పై పోర్షన్ వాళ్లింటికి." కాసేపు ఆగి, "వాళ్లతో మాకు మాటల్లేవు కదా" అంది.

అదీ సంగతి. ఇక అక్కణ్ణుంచి ఒక్కో ముక్కా లాగాను. బోరు మోటారు కరెంటు బిల్లు ఎవరెంత కట్టాలన్న దగ్గర మొదలైన గొడవ, చివరికి మెట్ల మీద ఎదురుపడినా తల తిప్పుకునే దాకా వచ్చింది. ఆ రాత్రి నీళ్లు కరకట్ట దాటి రాలేదు, వెనకాల డ్రైనేజీలోంచి ఎగదన్నాయి. మా మరిది టార్చిలైటు పట్టుకుని మాటిమాటికీ గుమ్మంలోకి వెళ్లి చూసి "ఒకటో మెట్టు" అనేవాడు, కాసేపటికి "రెండు" అనేవాడు. ఆ ఇంట్లో గోదారిని అడుగుల్లో కొలిచినవాళ్లు లేరు. వాళ్ల నానమ్మ మంచం దిగలేదు, ఎనభై ఆరులోనే చూశాం పొమ్మంది, అసలు కారణం పైవాళ్ల గడప తొక్కనన్న పంతం. మూడో మెట్టు మునిగాక మా చెల్లెలు పాతిక కిలోల బియ్యం బస్తా భుజానికెత్తుకుని పైకి వెళ్లి తలుపు ముందు నిలబడింది. ఒకప్పుడు పై పోర్షన్ ఆవిణ్ణి వదినా అని పిలిచేది. ఇప్పుడేమని పిలవాలో తోచక, పిలవకుండానే తలుపు కొట్టింది. అవతల ఆవిడ తలుపు వెనకాలే నిలబడి ఉందేమో, వెంటనే తీసింది. ఒక్క మాట లేదు. బస్తా ఒక మూల పట్టుకుని లోపలికి లాగింది. తర్వాత తనే కిందికి దిగి, నానమ్మ చెయ్యి పట్టుకుంటే ముసలావిడ కిక్కురుమనకుండా లేచి వచ్చింది. తెల్లారేలోపు ఆ ఇంట్లో ఆవిడ అడిగింది ఒకటే: "బీపీ మాత్ర తెచ్చుకున్నారా?"

ఇది ఏ పేపర్లోనూ రాదు. మా పిల్లేమో "ఇంట్లో గొడవలు వ్యాసంలో రాస్తారా, అమ్మ తిడుతుంది" అంటుంది. పేర్లు మార్చు, పై పోర్షన్‌ని పక్కిల్లు చెయ్యి, కావాలంటే మోటారు గొడవని గోడ గొడవ చెయ్యి, కానీ ఆ బస్తా మాత్రం వదలకు అన్నాను. (చుట్టాలు ఏమనుకుంటారోనని భయపడి రాయడం మానేసినవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో! ఆ చుట్టాలేమో జన్మలో ఒక్క పేజీ చదవరు.) బస్తాతో తలుపు ముందు నిలబడ్డ చోటే మొదలుపెట్టమన్నాను, గొడవ సంగతి రెండు వాక్యాల్లో తేల్చేయమన్నాను, 71.3ని పూర్తిగా తీసేసి మెట్లు ఉంచమన్నాను. మాట్లాడినవి మాట్లాడినట్టే రాయాలి. పిల్ల మొదట "బీపీ మాత్ర"ని "రక్తపోటు ఔషధం" చేసి పెట్టింది, స్కూల్లో పట్టిన రోగం అది, మాట్లాడే తెలుగు రాస్తే ఎర్ర ఇంకుతో సున్నా చుట్టే మాస్టార్ల పుణ్యం.

ముగింపు దగ్గర ఇద్దరం పోట్లాడుకున్నాం. తను "ఆ రోజు నుంచి రెండు కుటుంబాలూ ఒక్కటయ్యాయి" అని రాసింది. నిజమేనా అని అడిగితే నవ్వింది. నీళ్లు తీశాక మోటారు కాలిపోయి ఉంది, వైండింగ్ ఖర్చు ఎవరిదన్న దగ్గర మళ్లీ మాటలు బంద్. అయితే అదే రాయవే తల్లీ! గైడు పుస్తకాలు చదివి చదివి ప్రతి అనుభవమూ ఐకమత్యం దగ్గరో, గుణపాఠం దగ్గరో తేలాలనుకుంటారు వీళ్లు.

కాబట్టి మీకు వరదలు, యాక్సిడెంట్లు అక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరితో ఎవరికి మాటల్లేవు, వాళ్లు తప్పనిసరై ఒక గదిలో కూర్చున్నది ఎప్పుడు? అక్కణ్ణుంచి రాయండి, ఐదు వందల మాటలు చాలవు.

మార్కులకు మాత్రం నేను గ్యారంటీ ఇవ్వను. మా పిల్ల వ్యాసం పక్కన లెక్చరర్ గారు "వరద వివరాలు తక్కువ" అని రాసి, ఉన్న మార్కుల్లో కోత పెట్టారు. మీ లెక్చరర్ గారూ అలాంటివారేనని అనుమానంగా ఉంటే నీటిమట్టాలతో ఒక పేరా రాసి మధ్యలో ఎక్కడో పడేయండి, తర్వాత మీ సొంత కాపీలో కొట్టేసుకోవచ్చు.