నూనె ధర పెరిగితే ప్యాకెట్ బరువు తగ్గించాలా?

ప్రశ్న: చేగోడీలు 200 గ్రాముల ప్యాకెట్లుగా కిరాణా కొట్లకు వేస్తున్నాం. నూనె లీటరుకు రూ.30 పెరిగింది. బరువు తగ్గించమంటారా?

జవాబు: వద్దండి. ముందు లెక్క చూడండి. కిలో సరుకుకు 300 మి.లీ. నూనె పడుతుందనుకుంటే, ప్యాకెట్‌కు పెరిగిన ఖర్చు రూ.1.80 మాత్రమే. బరువు కోస్తే కవరు మీద నికర బరువూ మార్చి తీరాలి. పాత కవర్లలోనే నింపితే తూనికలు, కొలతల శాఖ కేసు రాస్తుంది.

అసలు దుబారా బాణలిలోనే. నూనె 170 డిగ్రీల చుట్టూ ఉండాలి. వాయికి ఎక్కువ వేస్తే వేడి పడిపోయి, పిండి నూనె పీల్చేస్తుంది. థర్మామీటరు కొనండి, వాయి చిన్నది చేయండి, నలకలు వడకట్టండి. అరకిలో ప్యాకెట్ కూడా పెట్టండి, కవరు ఖర్చు కలిసొస్తుంది. కాగిన నూనెను మాత్రం సాగదీయొద్దు: పోలార్ కాంపౌండ్లు (పదే పదే కాగి నూనె చెడినప్పుడు అందులో పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే వాడటం నిషిద్ధం.