షాపు మెయిల్‌కు స్పామ్ ఆగుతలేదు, ఏం చెయ్యాలె?

ప్రశ్న: అన్నా నమస్తే. హన్మకొండల కాలేజీ దగ్గర నాది చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ షాపు. ప్రింట్ల కోసం పిల్లలు ఫైల్స్ పంపుతరని జీమెయిల్ ఐడీ గోడకు అతికించిన, షాపుల వివరాలుండే రెండు మూడు సైట్లల గూడ ఎక్కించిన. ఇప్పుడు పొద్దున షట్టర్ లేపంగనే లోన్లు, లాటరీలు, ఇంటికాడ జాబులు అని వందల మెయిల్స్. మొన్న ఒక అమ్మాయి హాల్ టికెట్ పంపితే స్పామ్‌లకు పోయింది, దొర్కబట్టేసరికి పాపం ఆమె బస్సు పోయింది. ఐడీ మారుద్దమంటె అందరికీ ఇదే తెలుసు. ఏం చెయ్యమంటవ్?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్మీ, గోడ మీది కాగితంతోని ఏం కాలె, సైట్లల అక్షరాలతోని టైప్ చేసి పెట్టినవ్ చూడు, అదే కారణమైతది. స్పామర్లకు బాట్లు అని ప్రోగ్రాములుంటయ్, అవి రాత్రింబవళ్లు పేజీలు తిరుక్కుంట ఎట్ గుర్తు (@) కనబడ్డ కాడల్లా ముందటి ఎనకటి అక్షరాలు ఏరుకపోతయ్, ఆ లిస్టు ఒకని చేతుల నుంచి ఇంకొకనికి అమ్ముడుపోతనే ఉంటది. పోయిన ఐడీ ఇగ వాపస్ రాదు. అందుకే ప్రింట్లకు కొత్త ఐడీ ఒకటి తీసి, కాగితం మీద రాసి, ఆ కాగితాన్నే ఫోటో తీసి సైట్లల పెట్టు. బొమ్మల్ల అక్షరాలు చదివే బాట్లు గూడ ఉన్నయ్ గని చానా మటుకు తగ్గుతది. పాతది మూడు నాలుగు నెలలు నడవనియ్యి, రోజూ ఒకసారి స్పామ్ ఫోల్డర్ చూడు, 30 రోజులు దాటితే జీమెయిలే డిలీట్ చేస్తది. కస్టమర్ మెయిల్ అండ్ల కనబడితే స్పామ్ కాదు అని నొక్కు, అట్ల నొక్కుకుంట పోతె దానికే తెలుస్తది.

బ్యాంకుకు, యూపీఐకి ఉన్న ఐడీ మాత్రం వేరే ఉండాలె, అది ఎవ్వరికీ చెప్పకు.

ఎవరు అమ్ముకుంటున్నరో పట్టుకునే ఉపాయం ఒకటుంది, నేను చేసి చూసిన. ఎగ్జిబిషన్ పడ్డప్పుడు ఒక స్టాల్‌ల లక్కీ డ్రా చిట్టీ నింపుకుంట నా ఐడీల ఎట్ గుర్తుకు ముందు ప్లస్ పెట్టి చిట్టీ అని ఇంగ్లీషుల రాసిన. ప్లస్ తర్వాత ఏమున్నా జీమెయిల్ పట్టించుకోదు, మెయిల్ మన ఇన్‌బాక్స్‌కే వస్తది. నెల తిరగకముందే పర్సనల్ లోన్ అని మెయిల్, ఎవరికి పంపిండ్రో ఆ లైన్ చూస్తె ప్లస్ చిట్టీ అనే ఉన్నది! ఆ పేరుకొచ్చేవన్నీ నేరుగ డిలీట్ అయ్యేటట్టు ఫిల్టర్ పెట్టిన. కొన్ని సైట్లు ప్లస్‌ను తీసుకోవు, అక్కడ నడవదు.

తెలిసిన కంపెనీ మెయిల్ అయితె అన్‌సబ్‌స్క్రైబ్, అంటే ఇగ పంపకు అనే లింకు, నొక్కు, తెలువనిది అయితె అది గూడ నొక్కకు, ఈ ఐడీ బతికే ఉన్నదని వానికి తెలుస్తది, స్పామ్ అని రిపోర్ట్ కొట్టు చాలు. బొమ్మల తోని గూడ అంతే, మెయిల్‌ల కంటికి కనబడనంత చిన్న బొమ్మ పెడతరు, అది లోడ్ అయితె మనం తెరిచినట్టు వానికి ఖబర్ పోతది. సెట్టింగ్స్‌ల బొమ్మలు చూపే ముందు అడుగు అని పెట్టుకో.

నువ్వు రాయలే గని నేను అడుగుత. మన దిక్కు ఆన్‌లైన్ షాపులల్ల అప్లికేషన్ నింపేటప్పుడు కస్టమర్‌కు మెయిల్ లేకపోతె షాపాయన తన ఐడీయే కొట్టేస్తడు, నువ్వు గూడ చేస్తున్నవా? చేస్తే ఇయ్యాల్నే బంద్ పెట్టు. ఎవరెవరి ఫారాలకో నీ ఐడీ ఎక్కి స్పామ్ పెరుగుడు ఒకటైతె, ఆ పిల్లలు పాస్‌వర్డ్ మార్చుకుందమంటె లింకు నీకొస్తది, రేపు రిజల్టో కాల్ లెటరో వస్తె నీ వందల మెయిల్స్ కింద పడిపోతది, వాళ్లకు తెల్వనే తెల్వది. ఇంకో పది నిమిషాలు పడితె పట్టనియ్యి, వాళ్ల ఫోన్‌లనే, వాళ్ల నంబర్ తోనే ఐడీ తీపిచ్చి, పాస్‌వర్డ్ వాళ్ల చేత్తోనే కొట్టిపియ్యి. ఊరి నుంచి వచ్చిన ముసలమ్మకు స్మార్ట్‌ఫోన్ లేకపోతె కొడుకుకో మనుమరాలికో ఫోన్ చేపిచ్చి వాళ్ల ఐడీ అడిగి రాయి.