రంగు మారిందని రొయ్యను వెనక్కి ఇచ్చేయకు

అమ్మాయీ,

నువ్వు పంపిన ఫొటోలు కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను. తొట్టిలో పెంచడానికి కొన్న చిట్టి రొయ్యలు ఆ రోజు ఆకుపచ్చగా ఉండి, పది రోజులకే మట్టిరంగుకు తిరిగాయని, దుకాణంవాడు మోసం చేశాడని రాశావు. నాకు నవ్వొచ్చింది. నేనూ ఒకప్పుడు ఇలాగే గొడవపడి, రంగు పోయిన ఎనిమిదింటిని పెరట్లో నాచు పట్టిన తొట్టిలో పడేసి మరిచిపోయాను. రెండు నెలల తర్వాత చూస్తే తల్లులు ముదురు పచ్చగా ఉన్నాయి, చుట్టూ పిల్లలు!

ఫొటోలనుబట్టి నీవి బబాల్టి రొయ్యలే అనిపిస్తోంది. విదేశీ సరుకనుకునేవు, మన దేశపు నీళ్లలోవే. గీ బబో (Babault) అనే ఫ్రెంచి ఆయన ఇండియాలో సేకరించిన వాటిని చూసి, 1918లో బూవియే అనే శాస్త్రవేత్త ఆ బబో పేరే పెట్టాడు. అయితే బజార్లో ఆ పేరుతో తిరిగేవన్నీ ఒకే జాతి అని నమ్మకు. పేరు సంగతి తర్వాత, ముందుగా కాళ్లు చూడు. వీటి ముందు రెండు జతల కాళ్ల చివర చిన్న కుంచెల్లా వెంట్రుకలుంటాయి. పొద్దస్తమానం వాటితో నాచు గీకి నోట్లో పెట్టుకుంటూనే ఉంటాయి. రెండో జత కాళ్లు పొడుగ్గా సాగి, చివర పట్టకారులా ఉంటే అది నీలకంఠ రొయ్య తరహాది, వెంటనే వేరు చెయ్యి. కాలవలో పట్టిన చిట్టి రొయ్యల్లో నాకలాంటిది ఒకటి వచ్చింది. పిల్లే కదా అని ఉంచితే నెలలో మిగతా వాటిని తిని లెక్క సగానికి తెచ్చింది.

తర్వాత గుడ్లు. పొట్ట కింద కొద్దిగా, పెద్దవిగా ఉంటే పిల్లలు తల్లికి నకలులా పుట్టి నేల మీదే తిరుగుతాయి. మరీ సన్నంగా వందలకొద్దీ ఉంటే వాటి పిల్లలకు ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అలాంటివి నీ తొట్టిలో గుడ్లు పెడతాయిగానీ ఒక్క పిల్లా బతకదు. నీ మూడో ఫొటోలో గుడ్లు పెద్దవే, ధైర్యంగా ఉండు.

ఇక రంగు. రొయ్య గుల్ల కింద చర్మంలో రంగు కణాలుంటాయి. వాటిలో రంగు పరుచుకుంటే ముదురుగా, ముడుచుకుంటే పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఆ ఆదేశం కంటి కాడలో ఊరే హార్మోన్ల నుంచి వస్తుంది. అందుకే తెల్ల ఇసుక మీద తేలిపోతుంది, నల్ల మట్టి మీద ముదురుతుంది, సంచిలో ప్రయాణం చేసి వస్తే భయంతో వెలిసిపోతుంది. రంగు పదార్థం మాత్రం ఒంట్లోనే ఉంటుంది. మీ అమ్మ రొయ్యల ఇగురు పెట్టినప్పుడు బూడిదరంగు రొయ్య ఎర్రబడుతుంది కదా, ప్రోటీన్‌లో చిక్కుకుని ఉన్న ఎరుపు వేడికి బయటపడడమే అది. బతికున్న రొయ్య కండ పాలలా తెల్లబడినా, ఒళ్లంతా గులాబీగా మారినా మాత్రం అది రంగుల ఆట కాదు, జబ్బో చావో. దాన్ని వెంటనే తీసెయ్యి.

కాబట్టి మొదటి నెల ఏదీ ఏరకు. నల్ల మట్టి, నాచు ఉన్న తొట్టిలో కుదురుకోనివ్వు. ఆ తర్వాత ఒక్కొక్కదాన్నీ తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో గంటసేపు ఉంచి చూడు. తెల్ల నేల మీద కూడా రంగు నిలుపుకున్నవే పెంపకానికి పెట్టు. చీకటి తొట్టిలో అందంగా కనిపించే వాటిని చూసి ఎంచుకోకు, అక్కడ అన్నీ అందంగానే ఉంటాయి. గీతలున్నవీ గీతల్లేనివీ కలపకు, పిల్లలు కలగాపులగమైపోతాయి. చెర్రీ రొయ్యలతో సంకరం అవుతాయన్న భయం అక్కర్లేదు, వాటి ప్రజాతే వేరు. అయితే అవి గబగబా పెరిగి వీటి తిండి లాగేస్తాయి.

మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లూ ట్యాంకర్ నీళ్లూ కలిసి వస్తాయన్నావు, అదే నాకు టెన్షన్. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, కొలిచే పరికరం కొను. నేను 200 పీపీఎం దగ్గర ఉంచుతాను. క్లోరిన్ పోగొట్టే మందు వెయ్యకుండా నీళ్లు పొయ్యకు. స్పాంజి ఫిల్టరే పెట్టు, మోటారు ఫిల్టర్ పిల్లల్ని మింగేస్తుంది. రాగి ఉన్న చేప మందులు ఆ తొట్టి దగ్గరికే రానివ్వకు. దోమల కాయిల్, స్ప్రే కూడా అంతే. ఒక రాత్రి మా ఇంట్లో ఎవరో స్ప్రే కొట్టారు, తెల్లారేసరికి ముప్పై పోయాయి. మార్కెట్ పాలకూర పెడితే బాగా కడిగి, ఉడికించి పెట్టు, దాని మీద కూడా పురుగుమందే ఉంటుంది.

గుడ్లు పొదగడానికి నెల అటూ ఇటూ పడుతుంది. వీటి గుడ్లూ పచ్చగానే ఉంటాయి, పచ్చ పరాన్నజీవీ పొట్ట కిందే పడుతుంది. భూతద్దం పెట్టి చూడు, గుండ్రంగా ఉంటే గుడ్లు, దారప్పోగుల్లా ఉంటే రోగం. రోగమైతే ఆ రొయ్యను వేరు చేసి పెట్టు. తల్లి గుడ్లు మోసే రోజుల్లో నీళ్లు ఎక్కువగా మార్చకు, గుల్ల విడిచి గుడ్లు జార్చేస్తుంది.

మా పెరట్లో బాదం ఆకులు రాలుతున్నాయి. ఎండబెట్టి ఒక సంచీ పంపిస్తాను, తొట్టికి ఒకటి చొప్పున వెయ్యి. మీ అమ్మ చెత్త అనుకుని పారేయకుండా చూసుకో.

మావయ్య